ఇరవై ఏడో నంబరు గది

జులై 7, సోమవారం

కోటలో ఇరవై ఏడో నంబరు గదిని ఈ నెల ఇరవై ఒకటిన పడగొడతారట. ఉత్తరం ఈ రోజే నా బల్ల మీదికి వచ్చింది. పైన "మీ సమాచారం కోసం" అని ఉంది. సమాచారం కోసమే. అభిప్రాయం ఎవరూ అడగలేదు.

సముద్రం వైపు బురుజులు, ఫిరంగి గద్దెలు, జెండా దిమ్మ. వీటి జోలికి ఎవరూ రారు. అవి ఫోటోల్లో బాగుంటాయి. కోట వెనక, గాలి మరుగున ఉన్న పనిగదులంటేనే అందరికీ అలుసు. పంపు గది, ఉతుకుడు గది, మరుగుదొడ్ల వరుస, బొగ్గు కొట్టు, దీపాల గది. ఆ కోటలో మూడొందల మంది సిపాయిలు ఫిరంగి పేల్చింది ఎన్నిసార్లో వేళ్ల మీద చెప్పొచ్చు. తినడం, బట్టలు మాయడం, దొడ్డికి వెళ్లడం మాత్రం రోజూ ఉండేవే. ఈ మాట నేను ఉపన్యాసాల్లో చెబుతుంటాను. జనం నవ్వుతారు. నవ్వి, బురుజు చూడటానికి వెళ్లిపోతారు.

ఇరవై ఏడు స్థలంలో బస్సులు నిలుపుతారట.

మా పురావస్తు శాఖ జాబితాలో ఆ నంబరు ఎదురుగా ఇలా ఉంది: "పాత ఉతుకుడు గది. శిథిలం. విశేషమేమీ లేదు. మూడో తరగతి." మూడో తరగతి అంటే అవసరమైతే తీసేయవచ్చని. పన్నెండేళ్ల నాటి జాబితా. లోపల అడుగైనా పెట్టకుండా రాసేశారు. అప్పట్లో పని ఎంత నిర్లక్ష్యంగా జరిగేదో దీన్ని బట్టే తెలుస్తుంది.

జులై 8, మంగళవారం

డైరెక్టరుని కలిశాను. నాకంటే ఏడేళ్లు చిన్నది. ఒకప్పుడు నా దగ్గరే పని నేర్చుకుంది. ఆఫీసులో మేడమ్ అంటుంది, బయట అక్కా అంటుంది. ఆ రెంటికీ మధ్య ఒక గుమ్మం ఉంది, దాన్ని తను ఎప్పుడూ జాగ్రత్తగా దాటుతుంది.

"మూడో తరగతి వాటి మీద మనం అభ్యంతరం పెట్టలేం మేడమ్. జాబితా మనదే కదా."

"జాబితా తప్పు."

"తప్పని ఎలా చెప్తాం? కొత్త ఆధారం దొరికిందని పెడితే విచారణకి తొంభై రోజులు. అప్పటికి అక్కడ బస్సులు నిలబడుంటాయి."

"ఇంకో దారేం లేదా?"

ఆమె పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీసింది. "ఉంది. మొదటిసారి పరిశీలనే జరగలేదని, పరిశీలించినవాళ్లు స్వయంగా రాసివ్వాలి. అలా రాసిస్తే ఆ రోజే పని ఆగుతుంది. రూలు అలా ఉంది."

"సరే."

"సరే అంటే?"

"సరే, తెలిసింది అని."

ఆమె నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు. ఇద్దరం కాసేపు గోడ మీది కోట పటాన్నే చూశాం. అందులో పనిగదులు లేవు.

జులై 9

మబ్బు పట్టింది. ఆఫీసులో ఏదో రిపోర్టు ముందు కూర్చున్నాను. ఒక్క పేజీ తిప్పలేదు.

జులై 10, గురువారం

పొద్దున్నే కోటకి వెళ్లాను. తాళాలాయన గేటు దగ్గరే ఉన్నాడు. ముప్ఫై ఏళ్లుగా అక్కడ కాపలా. నడుముకి గుత్తి గలగలలాడుతుంటే ఎక్కడున్నాడో అందరికీ తెలుస్తుంది. దొంగలకి కూడా తెలుస్తుందని నేను ఏడిపిస్తుంటాను.

"ఇరవై ఏడు చూడాలి బాబాయ్."

"ఇప్పుడా? దానికి సున్నం కూడా కొట్టేశారమ్మా."

గోడ మీద సున్నంతో పెద్ద ఇంటూ గుర్తు. పరీక్ష పేపరులో తప్పు జవాబుకి పెట్టినట్టు.

ఉప్పుగాలికి తలుపు ఉబ్బి పట్టేసింది. బాబాయ్ తాళం తీసి, భుజంతో రెండుసార్లు గట్టిగా తోశాడు. లోపల గబ్బిలాల కంపు. టార్చి వేశాను. రెండు వరుసల్లో ఎనిమిది రాతి తొట్లు. ప్రతి తొట్టి అంచునా ఒకేచోట రాయి అరిగి, అరచేతిలా పల్లంగా ఉంది. అక్కడ ఎన్ని చేతులు ఆనుకుంటే రాయి అలా అరుగుతుందో. నేల ఒక మూలకి వాలి ఉంది. తొట్ల కింద నుంచి ఒక సన్నటి కాలువ.

"ఈ నీళ్లు ఎటు పోయేవి బాబాయ్?"

"పోసి చూస్తే తెలుస్తుంది. చదువుకున్నవాళ్లు కాగితాల్లో వెతుకుతారు గానీ."

రెండు బకెట్ల నీళ్లు తెచ్చాడు. కాలువలో వంచాడు. నీళ్లు దుమ్ముని ముందుకి నెట్టుకుంటూ పాములా జరిగి, గోడలోని కన్నంలో మాయమయ్యాయి.

"పరిగెత్తండమ్మా" అన్నాడు.

నలభై ఆరేళ్ల మనిషిని, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మరుగుదొడ్ల వరుస దాకా పరిగెత్తాను. అక్కడ రాతి గాడి ఎండిపోయి ఉంది. ఏమీ లేదు. ఇంక రాదనుకున్నాను. అప్పుడు గోడలో ఎవరో గొంతు సవరించుకున్నట్టు చప్పుడైంది. ముందు నల్లటి మట్టి, వెనకే నీళ్లు.

"వచ్చాయా?" అని అటునుంచి కేక.

"వచ్చాయి బాబాయ్."

సిపాయిల కొట్టాల కప్పు మీద పడ్డ వాన నేల కింది తొట్టిలోకి. అక్కడి నుంచి పంపు గది మీదుగా ఉతుకుడు గదికి. ఉతికిన సబ్బునీళ్లు మరుగుదొడ్లకి, అక్కడి నుంచి సముద్రంలోకి. చుట్టూ ఉప్పునీళ్లే ఉన్న చోట, మంచినీళ్ల చుక్క ఒక్కటీ ఒక్క పనితో వదిలిపెట్టలేదు. ఇరవై ఆరు, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది మూడు గదులు కావు, ఒకే యంత్రం. మధ్యది తీసేస్తే అటూ ఇటూ మిగిలేవి వట్టి గోడలు.

వెనక గోడ మీద గచ్చులో గీసిన గుర్తులు కూడా ఉన్నాయి. సున్నా, సున్నాలో గీత, రెండు చుక్కల మధ్య కొక్కెం. ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి. వరుసలు వరుసలుగా. ఇక్కడ ఉతికినవాళ్ల పేరు ఒక్కటీ రికార్డుల్లో లేదు. వాళ్లు మాత్రం మూడొందల మందినీ గుర్తుపెట్టుకున్నారు.

తీసిన గుర్తునే మళ్లీ మళ్లీ ఫోటో తీశాను. సంతోషం అనుకున్నాను.

జులై 11, శుక్రవారం

పొద్దున కాఫీ తాగుతూ సోమవారం రాసిన పేజీ చదువుకున్నాను. "అప్పట్లో పని ఎంత నిర్లక్ష్యంగా జరిగేదో." ఎవరికి చెబుతున్నాను ఈ కబుర్లు? ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు.

ఆ జాబితా నేనే తయారుచేశాను. నలభై మూడు గదులకీ కింద నా సంతకమే ఉంది.

ఆ రోజు ఇరవై ఏడు తాళంచెవి దొరకలేదు. అందుకని బయటి నుంచి చూసి రాశాను. తాళంచెవి లేకపోతే ఎవరైనా ఏం చేయగలరు. మళ్లీ వద్దామనుకున్నాను. కుదరలేదు.

జులై 13, ఆదివారం

మా ఆయనకి చెప్పాను. కాలేజీలో లెక్కలు చెప్పి చెప్పి, ఇంట్లో కూరగాయలు కూడా సమానమైన ముక్కలుగా తరుగుతారు. కత్తి ఆపి విన్నారు.

"అంటే లోపలికి వెళ్లకుండానే సంతకం పెట్టావా?"

"తాళంచెవి దొరకలేదండీ."

"నువ్వా? గ్యాసు కట్టేశానో లేదో అని వీధి చివరి నుంచి వెనక్కొచ్చే మనిషివి." నవ్వారు. నేను నవ్వకపోయేసరికి ఆపేశారు. "చూడు, లెక్కగా ఆలోచించు. నలభై మూడు గదులు. ఒకటి చూడలేదని నువ్వే ఒప్పుకుంటే, మిగతా నలభై రెండూ చూశావని ఎవరు నమ్ముతారు? రేపు బురుజు పక్కన హోటలు కట్టాలనుకున్నవాడు నీ కాగితమే పట్టుకుని కోర్టుకెళ్తాడు. ఒక్క గది కోసం కోటంతా పణం పెడతావా?"

"మరి వదిలేయమంటారా?"

"నేనేమీ అనను. లెక్క చెప్పాను. చేసేది నువ్వు."

ఎప్పుడూ ఇంతే. ఒడ్డున కూర్చుని లోతు చెబుతారు. దిగేటప్పుడు మాత్రం నేనే.

కానీ ఆయన చెప్పింది తప్పా? పోనీ, ఉద్యోగం గురించి భయపడుతున్నానా, కోట గురించా? నా భయాలకి ఎప్పుడూ మంచి పేర్లే దొరుకుతాయి.

జులై 14, సోమవారం

వారం ఉంది.

కోటలో కంట్రాక్టరు ఎదురయ్యాడు. ఆ దుమ్ములో తెల్లబూట్లు. ఎలా అంత తెల్లగా ఉంచుతాడో. ఇరవై ఏడు ముందు నిలబడి మనుషులకి ఏదో పురమాయిస్తున్నాడు.

"మేడమ్, పాతవంటే నాకూ గౌరవమే. మా తాతగారి కుర్చీ ఇంకా అమ్మలేదు నేను. కానీ ఇది ఉతుకుడు గదండీ. పోనీ ఎవరైనా రాజు ఉతుక్కున్నాడన్నా అదో అందం."

"రాజులు ఉతుక్కోరు."

"నేననేదీ అదే." కాస్త ఆగి, "అయినా మీవాళ్లే రాశారు కదా, విశేషమేమీ లేదని. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. చదువుకున్నవాళ్లు చూసి రాశారు కదా అని నమ్మాను. నమ్మడం కూడా తప్పేనా?"

బాబాయ్ నన్ను అవతలికి తీసుకెళ్లి గోడనీడన కూర్చోబెట్టాడు. తేలిగ్గా ఉండాలని వేళాకోళంగానే అన్నాను.

"ఆ రోజు మీరు తాళంచెవి ఇచ్చుంటే ఇంత జరిగేది కాదు బాబాయ్."

"ఏ తాళంచెవి?"

"ఇరవై ఏడుది. పన్నెండేళ్ల కిందట, మేం జాబితా రాయడానికి వచ్చినప్పుడు."

"దానికప్పుడు తాళమెక్కడిదమ్మా? ఇది నిరుడు వేసవిలో నేనే వేశాను. అప్పట్లో ఊరికే తోస్తే వచ్చేది. మేకలు కూడా దూరేవి. రండమ్మా, చూద్దురు గానీ అని మిమ్మల్ని పిలిచాను కూడా. మీరు గుమ్మం దగ్గర ముక్కు మూసుకుని తొంగి చూశారు. 'ఉతుకుడు గదిలో ఏముంటుందిలే బాబాయ్' అని వెళ్లిపోయారు. అవతల బండివాడు హారను కొట్టి చంపుతున్నాడు కూడానూ."

ఆయన గొంతులో నింద లేదు. నా జ్ఞాపకానికి సాయం చేస్తున్నట్టే చెప్పాడు.

ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించాను. తాళంచెవి నాకు స్పష్టంగా గుర్తుంది. దొరకలేదని ఎవరో చెప్పడం, నేను విసుక్కోవడం, అన్నీ గుర్తున్నాయి. జరగనిది ఇంత బాగా ఎలా గుర్తుంటుంది?

జులై 15

మేకలు దూరాయి. నేను దూరలేదు.

జులై 16, బుధవారం

ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

మొదటిది "అనివార్య కారణాల వల్ల" అని మొదలైంది. చింపేశాను. రెండోది "సమయాభావం చేత". అదీ చింపేశాను. మూడో దాంట్లో "తలుపు సక్రమంగా తెరుచుకోనందున" అని రాసి, రెండు నిమిషాలు దాన్ని మెచ్చుకున్నాను కూడా. పూర్తిగా అబద్ధమూ కాదు. తలుపు ఉబ్బిన మాట నిజమే కదా, మొన్న చూశాను కదా. దాన్ని చింపడానికి అన్నిటికన్నా ఎక్కువసేపు పట్టింది.

మధ్యలో ఫోను చేసి సహోద్యోగులెవరినైనా అడుగుదామనిపించింది. ఏమని అడగాలి? నిజం చెప్పేటప్పుడు ఏ ఫారం వాడాలి అనా?

ఇంకో అనుమానం. నేనిది గది కోసం చేస్తున్నానా, నా కళ్లకి నేను గొప్పగా కనపడటానికా? ఎంత ఆలోచించినా తేలలేదు. తేలేదాకా ఆగితే ఇరవై ఒకటో తారీఖు వచ్చేస్తుంది. గోడకి నా ఉద్దేశాలతో పనిలేదు.

చివరికి ఇంతే మిగిలింది: "నేను ఇరవై ఏడో నంబరు గది లోపలికి వెళ్లలేదు. తలుపుకి తాళం లేదు, పిలిచినా వెళ్లలేదు. చూడకుండానే సంతకం పెట్టాను."

ఇన్ని మాటలకి రోజంతా పట్టింది. థీసిస్ మొదటి అధ్యాయం ఇంతకన్నా త్వరగా రాశాను.

జులై 17, గురువారం

ఇచ్చాను.

డైరెక్టరు రెండుసార్లు చదివింది. ఫోను తీసి కంట్రాక్టరుకి పని ఆపమని చెప్పింది. అటునుంచి అతను ఏదో గట్టిగా అంటుంటే "రాతపూర్వకంగా సాయంత్రం పంపిస్తాం" అని పెట్టేసింది. అంతా కలిపి మూడు నిమిషాలు పట్టలేదు. పది రోజులుగా నేను తల బాదుకున్నది మూడు నిమిషాల్లో అయిపోయింది.

లేవబోతుంటే అడిగింది.

"ఇదొక్కటేనా అక్కా?"

ఆఫీసులో అక్కా అనడం ఇదే మొదటిసారి. జాబితా రాసిన రోజుల్లో నా కొలతల టేపు రెండో కొస పట్టుకుని తిరిగింది తనే.

"ఒక్కటే" అన్నాను.

"సరే" అని ముద్ర వేసింది.

జులై 18

సున్నం గుర్తు తుడిచేశారని బాబాయ్ ఫోను చేశాడు. మా ఆయన తన లెక్క సంగతి ఎత్తకుండా నాకిష్టమైన స్వీటు కొనుక్కొచ్చారు. ఇంట్లో అందరికంటే ముందు నేనే నిద్రపోయానట.

గది నిలిచింది. అది చాలదా.

జులై 19

ఒక్కటే అన్నాను. అంత త్వరగా ఎలా అన్నాను?

జులై 20, ఆదివారం

ఒక్కటి కాదు.

పాత నోటుపుస్తకాలు అటక మీద నుంచి దింపమంటే, "ఈ దుమ్ములో ఏం వెతుకుతావు ఆదివారం పూట" అని ఆయన గొణిగారు. దింపారు. వెతికితే దొరకనిదేమీ లేదు. లోపలికి వెళ్లిన ప్రతి గదికీ కొలతలు వేసి బొమ్మ గీశాను. చక్కగా, స్కేలు పెట్టి. ఏడు పేజీల్లో కొలతలు లేవు. ఇరవై ఏడు కాక ఇంకో ఆరు.

దీపాల గది. ఇరుకు మెట్లు దిగాలని వెళ్లలేదు. బొగ్గు కొట్టు. మసి. ఒడ్డున పడవల షెడ్డు, పక్కనే తాళ్లు పెట్టుకునే గది. అప్పటికి మూడు దాటింది, బండి నాలుగింటికి. దాని వెనక ఇనప సామాన్ల కొట్టు.

ఐదు. ఆరోది వంటసాల. ముప్ఫై ఒకటో నంబరు. "పొగచూరిన పాత కట్టడం. విశేషమేమీ లేదు. మూడో తరగతి." నాలుగేళ్ల కిందట దాన్ని పడగొట్టి కార్లు నిలిపే చోటు చేశారు. ఆ వారమంతా నేను శాఖ మీద మండిపడ్డాను. చేతకాని శాఖ అని అప్పటి డైరీలో పేజీలు నింపాను. ఆ పేజీలు కూడా ఈ రోజు చదివాను. ఎంత ఆవేశం, ఎంత మంచి వాక్యాలు. జాబితా ఎవరు రాశారన్న మాట మాత్రం ఎక్కడా లేదు.

కోటకి వెళ్లినప్పుడల్లా నా స్కూటరు అక్కడే పెడతాను.

ఆయన గుమ్మంలోంచి అడిగారు, "ఎన్ని?"

"ఏడు."

ఈసారి లెక్క చెప్పలేదు. ఫ్యాను వేసి వెళ్లిపోయారు.

జులై 21, సోమవారం

రెండో ఉత్తరం ఇచ్చాను. ఆరు నంబర్లు, ఒక్కోదానికీ ఎందుకు వెళ్లలేదో కారణం. మసి, మెట్లు, బండి. కాగితం మీద చూస్తే ఎంత అల్పంగా ఉన్నాయో.

డైరెక్టరు చదివి, కాగితం బల్ల మీద బోర్లించింది.

"ఆ రోజు బండి పోతుంది రా అక్కా అని చెయ్యి పట్టుకుని లాగింది నేనే."

"నువ్వు పట్టుకున్నది టేపు. సంతకం నేను పెట్టాను."

"ముప్ఫై ఒకటి పడగొట్టినప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"అప్పుడు నాకు తెలీదు."

అది నిజమో కాదో ఇద్దరికీ తెలియదు. ఆమె బోర్లించిన కాగితాన్ని మళ్లీ తిప్పింది. తర్వాత ఆఫీసు గొంతుతో చెప్పింది. జాబితా మొత్తం రద్దు. నలభై మూడూ మళ్లీ మొదటి నుంచి చూడాలి. సంతకం వేరేవాళ్లది. నేను కావాలంటే సహాయకురాలిగా వెళ్లొచ్చు. అది పూర్తయ్యేదాకా ఏ గదికీ తరగతి లేదు, అంటే ఏ గదికీ రక్షణా లేదు. బురుజు పక్కన హోటలు కట్టాలని చూస్తున్నవాళ్లకి ఈ సంగతి సాయంత్రానికల్లా చేరుతుంది. మా ఆయన చెప్పిన లెక్క అక్షరాలా అలాగే జరిగింది.

"చేసింది మంచిదో కాదో నాకు తెలీదు మేడమ్" అంది.

"నాకూ తెలీదు."

"ఎప్పటి నుంచి మొదలుపెడతారు?"

బయటికి వచ్చి నేరుగా కోటకి వెళ్లాను. ఎండ మండిపోతోంది. వరసగా కార్లు, వాటి మధ్య పిల్లల్ని దింపుతున్న ఒక వ్యాను. బాబాయ్ నా వెనకే వచ్చాడు. తెరవడానికి ఇక్కడ ఏమీ లేదు కాబట్టి గుత్తిని గుప్పిట్లో పట్టుకున్నాడు, చప్పుడు కాకుండా.

"వంటసాల మీకు గుర్తుందా బాబాయ్?"

"ఎందుకుండదు? ఎన్ని వానలకి దాని కిందే తలదాచుకున్నాను."

"చెప్పండి. రాసుకుంటాను."

రెండు పొయ్యిలు, మనిషి నిలబడేంతవి. మధ్యలో రాతిబల్ల, దాని మీద కత్తిగాట్లు. పొగ పోవడానికి కప్పులో నాలుగు కన్నాలు, వాన లోపల పడకుండా వాటి మీద పలకలు. బల్ల పొడవెంత అని అడిగితే, అడుగులు వేసి చూపించాడు. ఒక కారు అడ్డం వస్తే దాని చుట్టూ తిరిగి, ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టాడు. నేను టేపు ఒక కొస నేల మీద పట్టుకున్నాను. రెండో కొస ఆయన పట్టుకున్నాడు. ప్రతి అంకె పక్కనా "చూడలేదు, విన్నాను" అని రాశాను.

"తలుపు ఎటువైపు ఉండేది?"

ఆయన అటూ ఇటూ చూసి, వ్యాను పక్కకి వెళ్లి నిలబడి నన్ను పిలిచాడు. వెళ్లాను.

"ఇంకొంచెం ఇటు రండమ్మా" అన్నాడు. "మీరు గోడలో నిలబడ్డారు."